స్టానిస్లావ్‌స్కీ - రంగస్థలపు నేల

కన్‌స్టాంటిన్ సెర్గేయెవిచ్ స్టానిస్లావ్‌స్కీ పేరు నాటకాభిమానులకు కొత్తది కాదు. నటశిక్షణకు ఒక శాస్త్రరూపం కల్పించిన ఆచార్యుడుగా ఆయనను లోకమెల్ల ఎరుగును. అయితే ఆ ఆచార్యత్వం సిద్ధించుటకు పూర్వం కుర్చీ ఎక్కడ ఉండవలె, బల్ల ఏ మూలకు జరగవలె, దీపం ఎంత దూరాన నిలవవలె అను చిల్లర సంగతులతో ఆయన ఏండ్ల తరబడి కుస్తీపట్టినాడు. అవి చిల్లర సంగతులు కావని నిరూపించినవాడూ ఆయనే.

ఆయన 1863లో మాస్కో నగరంలో సంపన్న వర్తక కుటుంబంలో జన్మించినాడు. అసలు ఇంటిపేరు అలెక్సేయెవ్. బంగారు, వెండి జరీతీగ తీయు కర్మాగారం వారిది. లుబీమోవ్కా అను పల్లెపట్టులోని తమ భవనం పక్కనే తండ్రి ఒక చిన్న నాటకశాల కట్టించినాడు. పిల్లలు అక్కడ వేషాలు కట్టి ఆడేవారు. తమ ఇంటివారి మధ్య ఆడుకొనుట వేరు, పరుల ఎదుట వేషం వేయుట వేరు. కర్మాగారపు యజమాని కుమారునికి రెండవది మర్యాదగా తోచని కాలమది. స్టానిస్లావ్‌స్కీ అను మారుపేరు అందుకే పుట్టినది.

1890లో మైనింగెన్ అను జర్మన్ సంస్థానపు నాటక సమాజం మాస్కోకు వచ్చినది. క్రమశిక్షణలోను, రంగాలంకరణలోను దానికి సాటి లేదు. స్టానిస్లావ్‌స్కీ ఆ ప్రదర్శనలను శ్రద్ధగా చూచి, దాని దర్శకుడు క్రోనెక్ చూపిన కాఠిన్యాన్ని కూడ అలవరచుకొన్నాడు. ఆ కాఠిన్యం నటులను తన చేతిలోని చదరంగపు పావులుగా మార్చినదని గ్రహించుటకు ఆయనకు చాలాకాలం పట్టినది.

1897 జూన్‌లో నెమిరోవిచ్-దాన్‌చెంకోతో మాస్కోలోని ఒక భోజనశాలలో మొదలయిన సంభాషణ పదునెనిమిది గంటలు సాగి మరునాటి ఉదయం లుబీమోవ్కాలో ముగిసినది. మాస్కో ఆర్ట్ థియేటర్‌కు అంకురార్పణ అదియే. 1898 వేసవిలో పూష్కినో అనుచోట ఒక కొట్టమును సరిచేసి అందులో అభ్యాసాలు ప్రారంభించినారు. ఊడ్చుటకు, సామాను సర్దుటకు నటులే వంతులు వేసుకొన్నారు. మొదటి వంతు స్టానిస్లావ్‌స్కీదే. ఆయన సమోవారులో నిప్పులు వేసినాడు గాని నీళ్లు పోయుట మరచినాడు. పాత్ర కరిగిపోయినది! మహాదర్శకులకు ఇంటిపని చేతకాదన్న అపవాదు అన్ని దేశాలలోను ఒకటే కాబోలు.

ఆ సంవత్సరమే చేపట్టిన నాటకాలలో చెహోవ్ రచించిన సీగల్ ఒకటి. అది 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఘోరంగా విఫలమైన కృతి. స్టానిస్లావ్‌స్కీ ఖార్కోవ్ ప్రాంతంలోని తన సోదరుని ఎస్టేటుకు పోయి, అక్కడ ఒంటరిగా కూర్చుండి దాని ప్రదర్శన ప్రణాళిక వ్రాసినాడు. నిజానికి నాటకం ఆయనకు అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. అయినను నేలను ముందుగా గీచినాడు. అంకానికొక పటం వేసి, బల్లలు, ఆసనాలు, చెట్లు ఎక్కడెక్కడ ఉండునో గుర్తించి, పాత్రల నడకలను బాణపు గుర్తులతో చూపినాడు. మొదటి అంకంలో దీపాల వరుస పక్కనే ఒక పొడుగాటి బెంచీ వేయించి, నటులను ప్రేక్షకులకు వీపు చూపి కూర్చుండబెట్టినాడు. దీపాల ముందుకు వచ్చి సభకు ఎదురుగా నిలిచి పద్యమందుకొను మన నటులను ఎరిగినవారికి ఇది ఎంతటి సాహసమో వేరుగా చెప్పనక్కరలేదు. మాస్కోలోను అది సాహసమే. ఆ డిసెంబరు రాత్రి తెర లేచుటకు ముందు నటులందరు గుండెదడకు మందు చుక్కలు మింగినారు. మొదటి అంకం ముగిసినపుడు సభ నిశ్శబ్దమయినది. అంతా పోయినదనుకొన్నారు. మరుక్షణం కరతాళధ్వనులతో శాల మారుమ్రోగినది.

1902లో సావ్వా మొరోజోవ్ అను వర్తకుని ద్రవ్యసహాయంతో, షెఖ్టెల్ వాస్తుకల్పనతో సమాజానికి సొంత భవనం అమరినది. అందులోని రంగస్థలం తిరిగెడిది. పై పలకలు మాత్రమే గాక, నేల అడుగున ఉన్న తలుపులు, ఎత్తుపలకలతో కూడిన కట్టడమంతయు దానితోపాటే తిరుగును.

ఇట్టి నేలపై సామానుకు గుర్తులు వేయుట తేలిక కాదు. మామూలు రంగస్థలంలో తెర పడు గీతనుండి ఇన్ని అడుగులు, పక్కనుండి ఇన్ని అడుగులు అని కొలిచి, బల్లకాలు నిలుచు చోట సుద్దగీత గీచిన చాలును. తిరుగు నేలకు ఆ కొలత పనికిరాదు. తెరగీత కదలదు, నేల కదలును. కనుక చక్రపు నడిబొడ్డునుండి కొలవవలె. ముందువైపు ఒక దృశ్యం నడుచుచుండగా వెనుకవైపు చీకటిలో రెండవ దృశ్యపు సామాను సర్దవలె. ఏ గుర్తు ఏ దృశ్యానిదో తెలియనిచో రాజుగారి సింహాసనం వంటింటిలో తేలును. ఒక కాలు చక్రంపైన, ఒక కాలు కదలని నేలపైన పెట్టిన బల్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

చిత్రకారులు వెనుక తెరపై చూపు శ్రద్ధను నేలపై చూపరని స్టానిస్లావ్‌స్కీ బాధపడేవాడు. చదునైన పలకలపై నటుడు దిక్కులేనివాడగునని, ఎత్తుపల్లాలు, మెట్లు, ఆనుకొనుటకు ఒక ఆసనం ఉన్ననే ఆతని శరీరానికి ఆధారం దొరకునని ఆయన నమ్మకం.

1906లో ఫిన్‌లాండులో విశ్రాంతికి పోయినపుడు ఆయనకు తన నటనయే బోలుగా తోచినది. చేతులు, నడకలు, నిలుచు చోటులు అన్నియు ఉన్నవి. లోపలి ప్రాణం లేదు. అప్పటినుండి నటుని అంతరంగాన్ని వెదకు పని ఆరంభమయినది. బాణపు గుర్తులు నటునికి ముందుగా చూపు అలవాటు క్రమంగా తగ్గినది. ఇట్టి విజయాల తరువాత తన పద్ధతినే శంకించుటకు ఎంతో నిబ్బరం కావలె.

విప్లవానంతరం ఆయనకు లియోన్‌త్యెవ్‌స్కీ వీధిలో ఒక పాత భవనం నివాసంగా ఇచ్చినారు. అందులోని హాలులో నాలుగు స్తంభాలున్నవి. వాటిని తొలగించు వీలు లేదు. 1922లో ఒపెరా విద్యార్థులచేత ఆ హాలులోనే చైకోవ్‌స్కీ కూర్చిన యెవ్‌గెనీ ఒనెగిన్ పాడించినాడు. వాద్యబృందం లేదు, పియానో ఒక్కటే. అడ్డమని తోచిన స్తంభాలనే ఆధారంగా గ్రహించి, సామానంతయు వాటినిబట్టి అమర్చినాడు. ఒక దృశ్యంలో అవి పల్లెయింటి వసారా స్తంభాలు. వేరొకదానిలో తత్యానా పడకను ఆవరించిన ఏకాంతం. చివర రాజధానిలోని ప్రాసాదం. తరువాత ఆ ఒపెరా పెద్ద రంగస్థలానికి తరలినపుడు అక్కడ ఆ నాలుగు స్తంభాలనే తిరిగి నిర్మించవలసి వచ్చినది!

1928 అక్టోబరులో థియేటర్ ముప్పదవ వార్షికోత్సవంనాడు త్రీ సిస్టర్స్ నాటకంలో వెర్షీనిన్ పాత్ర ధరించి ఉండగా ఆయనకు గుండెపోటు వచ్చినది. అంకం ముగియువరకు నిలబడి, తెర పడిన పిదపనే కూలినాడు. మరల వేషం కట్టలేదు. మిగిలిన పదేండ్లు చాలావరకు ఇంటివద్దనే నటులను పిలిపించుకొని శిక్షణ ఇచ్చినాడు. కడపట చేపట్టిన మోలియేర్ కృతి తార్త్యూఫ్‌ను ప్రేక్షకులు 1939లో గాని చూడలేదు. 1938 ఆగస్టు 7న ఆయన కన్నుమూసినాడు. ఆ ఇల్లు తరువాత మ్యూజియం అయినది. ఆయన పేరు వహించిన ఒపెరా థియేటర్‌కు ఆ నాలుగు స్తంభాలే చిహ్నమయినవి.