జో మీక్: గగననాదాన్ని పలికించిన శ్రమజీవి

ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ సీమలో న్యూయెంట్ అనే చిన్న పట్టణంలో 1929 ఏప్రిల్ 5న జో మీక్ జన్మించినాడు. బాల్యం నుండి యంత్రపరికరాలే అతని ఆటవస్తువులు. వైమానిక దళంలో రాడార్ పనివాడుగా శిక్షణ పొంది, పిదప లండను చేరి ధ్వనిముద్రణ ఇంజనీరుగా పేరు గడించినాడు. స్వరలిపి చదువుట గాని వ్రాయుట గాని అతనికి రాదు. మనసున మెదిలిన బాణీని కూనిరాగంగా తీసి టేపు కెక్కించేవాడు. దానిని స్వరపరచే భారం ఇతరులది.

పెద్ద కంపెనీల కొలువు అతని స్వతంత్ర ప్రకృతికి సరిపడలేదు. హాలోవే రోడ్డులో ఒక తోలు సామానుల దుకాణంపై వాటా అద్దెకు తీసికొని, దానినే ముద్రణశాలగా మార్చినాడు. మెట్ల మీద వాద్యకారులు, స్నానాల గదిలో గాయకులు! ఈ విధంగా తయారైన పాటలను కంపెనీలకు తానే ఒప్పందంపై ఇచ్చేవాడు.

1962 జూలై 10న టెల్‌స్టార్ ఉపగ్రహం అంతరిక్షాన్ని చేరి, సముద్రాల కావలికి దృశ్యాలను ప్రసారం చేసింది. ఆ విడ్డూరం మీక్ హృదయాన్ని కదిలించింది. టోర్నడోస్ అనే వాద్యబృందంచేత అదే పేరుతో సాహిత్యం లేని పాట నొకదానిని రూపొందించినాడు. అందులో ప్రధాన రాగాన్ని పలికినది క్లావియోలిన్ అనే విద్యుద్వాద్యం. 1954 నాటి ‘నాగిన్’ హిందీ చిత్రంలో నాగస్వరాన్ని వినిపించినదీ అదే. ఆ పాట బ్రిటనులోను, డిసెంబరులో అమెరికాలోను ప్రథమస్థానం పొందింది. అమెరికా పట్టికలో ఆ గౌరవం దక్కిన తొలి బ్రిటిష్ బృందం అదే.

కాని కీర్తి వెంట ధనం రాలేదు. బాణీ తనదేనని ఝాన్ లెడ్రూ అనే ఫ్రెంచి స్వరకర్త వ్యాజ్యం వేయగా, రాయల్టీలు స్తంభించిపోయినవి. స్వలింగ ప్రణయాన్ని నేరంగా ఎంచిన నాటి శాసనం మరొక వైపు అతనిని వెన్నాడింది. అప్పులు పెరిగినవి, మతి చలించింది. 1967 ఫిబ్రవరి 3న ఇంటి యజమానురాలిని తుపాకితో కాల్చి, తానూ కాల్చుకొని మరణించినాడు. అప్పటికి వయసు ముప్పది ఏడు.

మూడు వారాలకే వ్యాజ్యం అతనికి అనుకూలంగా ముగిసింది. ఆ శాసనమూ అదే సంవత్సరం జూలైలో సడలింది. న్యాయం ఆలస్యమైనది నిజమే. కాని నిరపరాధిని ప్రాణం తీసిన పాపాన్ని అతని దుఃఖం కడిగివేయజాలదు. అతని టేపులు దశాబ్దాలు టీ పెట్టెలలో నిద్రించి 2020లో ఒక రికార్డు సంస్థను చేరినవి. ఇంటి గదిలో యంత్రస్వరాలతో, గాత్రం లేకుండా సంగీతం కూర్చే నేటి స్వతంత్ర బృందాలకు తొలి బాట వేసిన వారిలో అతడొకడు.