రేలంగి వేంకటరామయ్య

ఏలూరునుండి రాజమహేంద్రవరమునకు పోవు రైలుమార్గమున తాడేపల్లిగూడెమను పట్టణము కలదు. దాని చుట్టును కాలువల నీటితో పండు వరిపొలములు. నైరృతి దిక్కున కొల్లేటి లంకలు. ఒకప్పుడు కోతలు ముగిసిన పిమ్మట ఆ ప్రాంతపు రైతులు బండ్లు కట్టుకొని, డేరాలలో ఆడు చలనచిత్రములను చూడబోవుచుండిరి. ఒక నటుడు తెరపై కనబడినంతనే, నోట మాట వెలువడక పూర్వమే, డేరా యంతయు నవ్వుతో నిండిపోయెడిది. ఆ నటుడే రేలంగి వేంకటరామయ్య. తాడేపల్లిగూడెమును ఆయన తన ఊరుగా చేసికొనెను.

రేలంగి 1910వ సంవత్సరమున గోదావరి జిల్లాలో జన్మించెను. పసితనముననే తల్లిని కోల్పోయి, కాకినాడలో పెరిగెను. చదువుకంటె నాటకములపై మక్కువ హెచ్చు. అచ్చటి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో చేరి స్త్రీపాత్రలు ధరించెను. 1935లో చిత్తజల్లు పుల్లయ్యగారి 'శ్రీకృష్ణ తులాభారము'తో చలనచిత్రములలో ప్రవేశించెను. కాని పేరు వెంటనే రాలేదు. పండ్రెండేండ్లకు పైగా చిల్లర వేషములు వేయుచు, పుల్లయ్యగారికి నటులను సమకూర్చుట మున్నగు పనులు చేయుచు గడపెను. 1949లో 'గుణసుందరి కథ' వెలువడిన పిమ్మటనే ప్రజ లాతని గుర్తించిరి. నవ్వించుట తేలిక యని తలచువా రీ పండ్రెండేండ్లను లెక్కింపవలెను.

ప్రజలు దేనిని చూచి నవ్వుదురో గమనించినచో, వారి మనస్సులలో నేమున్నదో కొంత తెలియును. రేలంగి పాత్రలే దీనికి సాక్ష్యము. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఆయన రాజుగారి బావమరిది. ఏ యోగ్యతయు లేకున్నను, చుట్టరికమే అధికారమని యెంచి విఱ్ఱవీగు పాత్రయది. అట్టివారిని ఎరుగని ఊరేది? 1955 నాటి 'మిస్సమ్మ'లో కథానాయకుడును, కథానాయికయు చదువుకొన్నవారే. కాని ఉద్యోగములు లేవు. బడిలో పని దొరకుటకై భార్యాభర్తలమని అబద్ధ మాడవలసివచ్చెను. రేలంగి ధరించిన దేవయ్య బిచ్చమెత్తుచు, టక్కరితనముతో బ్రతుకు వాడు. నిరుద్యోగము నాటి యింటింటి దిగులు. ఆ దిగులుతోనే ప్రేక్షకులు ఆతనిని చూచి నవ్విరి.

అన్నింటను మిన్న 1954లో కె. వి. రెడ్డిగారు తీసిన 'పెద్దమనుషులు'. స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఏడేండ్లు. తమవారే పాలకులైనను, ప్రజల సొమ్ము ప్రజలకు చేరుటలేదన్న అనుమానము ఊరూర మొలకెత్తుచుండెను. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెన్ రచన నొకదానిని ఆధారముగా గొని, డి. వి. నరసరాజుగారు దీనికి మాటలు వ్రాసిరి. పురపాలక సంఘాధ్యక్షుడు పైకి ధర్మాత్ముడు, లోన వేరు. అతనితో చేరినవారును అట్టివారే. ఊరిలో బుద్ధిమంతులు నోరు విప్పుటకు జంకుదురు. తిక్క శంకరయ్య యను పిచ్చివాడు మాత్రము వీథులలో ఆడుచు పాడుచు నిజమును బయటపెట్టును. ఆ వేషము రేలంగిది. పిచ్చివాని మాటపై ఎవరు కోపింతురు? ఆతని మాటలను రచ్చబండలయొద్ద జనులు ఇష్టముతో చెప్పుకొనిరి. అధికారమును ఎగతాళిచేసిన ఆ చిత్రమునకే ఉత్తమ తెలుగు చిత్రముగా రాష్ట్రపతి రజత పతకము లభించుట విశేషము.

ఆయన నటించిన చిత్రములు వందలకొలది. అన్నియు గొప్పవి కావు. కొన్నింట వేసిన వేషమునే మరల వేసెను. అయినను 1963 నాటి 'నర్తనశాల'లో ఉత్తరకుమారుని చూడవలెను. అంతఃపురమున స్త్రీల నడుమ ప్రగల్భములు పలుకు ఆ రాకుమారుడు, కౌరవసేనను కనుగొన్నంతనే రథము దిగి పరుగిడును. భయపడుచున్న వానియందు మనకు జాలియు కలుగును.

సంపాదించిన ధనముతో ఆయన తాడేపల్లిగూడెమున 'రేలంగి చిత్రమందిరము'ను కట్టించెను. 1970లో భారత ప్రభుత్వము ఆయనను 'పద్మశ్రీ' బిరుదముతో గౌరవించెను. తెలుగు హాస్యనటులలో ఆ గౌరవమును మొదట పొందినది ఆయనయే. అప్పటికే శరీరము సహకరింపక, వేషములు తగ్గుచుండెను. మద్రాసులో వెలిగిన నటుడు కడపటి దినములలో తాడేపల్లిగూడెమునకే చేరి, 1975 నవంబరు 27వ తేదీన అచ్చటనే కన్నుమూసెను.