మూడేళ్ల చదువుకని వెళ్లి... తిరిగి రాని డాక్టర్ యల్లాప్రగడ

గిద్దలూరు ఆసుపత్రిలోనైనా, చుట్టుపక్కల పల్లెల ఆరోగ్య కేంద్రాల్లోనైనా గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ కలిసి ఉంటుంది. రక్తహీనత రాకుండా, కడుపులోని బిడ్డ వెన్నెముక సక్రమంగా ఏర్పడేలా కాపాడే మందు అది. 1945లో దానిని ప్రయోగశాలలో తయారు చేసిన శాస్త్రవేత్తల బృందానికి నాయకుడు మన తెలుగువాడే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన చదువు కోసం అమెరికా వెళ్లి నూరేళ్లు దాటింది. నేడు గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు నుంచి కూడా విద్యార్థులు పై చదువులకు ఆ దేశం వెళుతున్నారు. పాస్‌పోర్టు, వీసా అంటూ ఊళ్లలో తల్లిదండ్రులు ఆరాలు తీస్తున్నారు. ఈ సందర్భంలో ఆ మహనీయుడికి ఏ కాగితాలు దారి ఇచ్చాయో, ఏవి అడ్డు నిలిచాయో తెలుసుకోవడం మేలు.

భీమవరంలో పుట్టి...

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరిలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన ఒకరు. పదమూడో ఏట చదువు మీద మనసు నిలవక, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బతుకుదామని ఇల్లు విడిచారు. తల్లి దారిలోనే పట్టించి వెనక్కు తెప్పించింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసులో చదువుతుండగా సన్యాసం తీసుకోవాలని రామకృష్ణ మఠాన్ని ఆశ్రయించారు. అమ్మ అనుమతి లేనిదే చేర్చుకోబోమని మఠం వారు చెప్పారు. వెంకమ్మ ఒప్పుకోలేదు. ఆ తల్లి పట్టుదల వల్లనే ఆయన వైద్య కళాశాలలో చేరారు.

1919లో శేషగిరితో వివాహం జరిగింది. చదువు ఖర్చుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేయూతనిచ్చారు.

ఖద్దరు తెచ్చిన చిక్కు

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ వస్త్ర బహిష్కరణ సాగుతున్న రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. ఆంగ్లేయుడైన సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. ఆ చిన్న కాగితం తేడా సముద్రం అవతల కూడా ఆయనను వెంటాడింది.

సర్కారు వైద్య ఉద్యోగానికి దారి మూసుకుపోవడంతో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించసాగారు. అంతలో స్ప్రూ అనే పేగుల వ్యాధి కుటుంబం మీద పడింది. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులను కోల్పోయారు. ఆయనకూ అదే జబ్బు సోకగా లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారు. ఈ రోగాల మూలం కనుక్కోవాలన్న పట్టుదల అప్పుడే కలిగింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల విద్యాలయానికి దరఖాస్తు పెట్టారు. సీటు వచ్చింది గాని ఉపకార వేతనం రాలేదు.

ప్రయాణానికి డబ్బు రెండు వైపుల నుంచి సమకూరింది. ఒకటి మామగారి సాయం. రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం. సత్యలింగ నాయకర్ కోరంగి నుంచి రంగూను వెళ్లి ఓడల వ్యాపారంలో గడించి, ఆ ఆస్తిని ధర్మానికి రాసిన దాత. సముద్రం దాటి సంపాదించిన సొమ్మే మరో తెలుగు బిడ్డను సముద్రం దాటించింది.

అప్పటి కాగితాలు

అంతకు పద్దెనిమిదేళ్ల ముందు, 1904లో, టంగుటూరి ప్రకాశం పంతులు గారు బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లారు. ఓడ ఖర్చులకు డబ్బుండి, వెళ్లాలన్న గుండె ధైర్యం ఉంటే చాలు. పాస్‌పోర్టు తప్పనిసరి కాని కాలం అది. మొదటి ప్రపంచ యుద్ధం పరిస్థితిని మార్చివేసింది. దేశాలన్నీ తలుపులకు గడియ పెట్టుకున్నాయి. మన దేశంలో 1920లో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. విదేశీయులు పాస్‌పోర్టు, దానిపై తమ కాన్సల్ వేసిన వీసా ముద్ర చూపాలని అమెరికా యుద్ధకాలంలో పెట్టిన నిబంధన యుద్ధం ముగిశాక కూడా కొనసాగింది.

దానికి తోడు 1917లో అమెరికా చేసిన వలస చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. అందులో హిందూదేశం కూడా ఉంది. అంటే మన కూలీ గాని, రైతు గాని అక్కడ స్థిరపడడానికి వీల్లేదు. అయితే విద్యార్థులకు, వైద్యులకు, ఉపాధ్యాయులకు, వర్తకులకు, యాత్రికులకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు అనే సన్నని సందులోంచే సుబ్బారావు లోపలికి వెళ్లారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ నగరం చేరారు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్లారు.

ఆయన దిగిన నాలుగు నెలలకే, 1923 ఫిబ్రవరి 19న, భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హిందూదేశస్థులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారన్నది దాని సారాంశం. ఇక అక్కడ ఎన్నేళ్లున్నా పరాయివాడే.

మలమూత్ర పాత్రలు మోసి...

ఎల్.ఎం.ఎస్. పట్టాను అమెరికా ఆసుపత్రులు వైద్యుడి ఉద్యోగానికి సరిపోయేదిగా గుర్తించలేదు. పగలు చదువు, రాత్రి కూలి. బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా రోగుల మలమూత్ర పాత్రలు మోసి, శుభ్రం చేసి పొట్ట పోసుకున్నారు. మద్రాసులో డాక్టరు అనిపించుకున్న మనిషి అందుకు సిగ్గుపడలేదు.

డిప్లొమా పొందాక జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. శరీర ద్రవాలలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. నేటికీ దానిని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను కూడా వారు గుర్తించారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ప్రొఫెసరు పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు.

అక్కడి నుంచే ఫోలిక్ యాసిడ్ వచ్చింది. పసిపిల్లల రక్త క్యాన్సరుపై బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాడి చూసిన అమినోప్టెరిన్ వచ్చింది. దాని వెంట వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలు రోగానికి హెట్రజాన్ వచ్చింది. కోస్తా పల్లెల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలోని విభాగం నుంచి వెలువడినదే.

ఏ దేశ పౌరుడు?

శేషగిరి ఎదురుచూపు మాత్రం ఫలించలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది తిరక్కుండానే కన్నుమూశాడు. బిడ్డ ముఖం తండ్రి చూడలేదు. మూడేళ్లు ఆరయ్యాయి, ఆరు ఇరవై అయ్యాయి. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు. ప్రపంచానికి అన్ని మందులు ఇచ్చిన మనిషి సొంత ఇంటికి చేసిన లోటు ఇది. ఆయన కీర్తి చెప్పేవారు ఆమె పేరు కూడా చెప్పాలి.

1946 జూలైలో అమెరికా చట్టం మార్చి, ఏడాదికి వంద మంది హిందూదేశస్థులకు వలస అవకాశం, పౌరసత్వ అర్హత కల్పించింది. అప్పటికి సుబ్బారావు అక్కడికి వెళ్లి ఇరవై మూడేళ్లు దాటింది. ఆయన మాత్రం పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో నిద్రలోనే మరణించారు. వయసు 53. పుట్టిన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండుతున్నది గాని, మన రాజ్యాంగంలోని పౌరసత్వ నిబంధనలు 1949 నవంబరులో గాని అమలులోకి రాలేదు. ఆ విధంగా బ్రిటిష్ ప్రజగా ఓడెక్కిన మనిషి, రెండు దేశాల్లో దేని పౌరసత్వ పత్రమూ చేతికి రాకుండానే వెళ్లిపోయారు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

నేటి విద్యార్థులకు

అమెరికా 1924 చట్టం విద్యార్థిని గుర్తింపు పొందిన విద్యాలయంలో చదువుకోసమే వచ్చినవాడిగా చూసింది. నేటికీ మూలసూత్రం పెద్దగా మారలేదు. విద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం, ఫీజుకు డబ్బు ఉన్నట్లు రుజువు, చదువు ముగిశాక స్వదేశం వస్తారన్న నమ్మకం - ఈ మూడింటినీ వీసా అధికారి చూస్తారు. ఒకప్పుడు ఇందుకు మద్రాసు వెళ్లాల్సి వచ్చేది. 2008 నుంచి హైదరాబాదులోనే అమెరికా కాన్సులేట్ ఉంది.

పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోవాలి. తేడా ఉంటే ముందుగానే సరిచేయించుకోవాలి. ఇక్కడి పట్టాకు అక్కడ ఎంత విలువ ఉందో విమానం ఎక్కక ముందే విచారించుకోవాలి. సుబ్బారావు వంటి మేధావికే పట్టా తేడా రాత్రి కూలి చేయించింది.

అన్నిటికంటే ముఖ్యం, చేరబోయే విద్యాలయం నిజమైనదో కాదో చూసుకోవడం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ బోగస్‌దని తేలినప్పుడు చిక్కుల్లో పడినవారిలో ఎక్కువమంది ఆంధ్ర విద్యార్థులే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టారు. 2019లో మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ వ్యవహారంలోనూ తెలుగు పిల్లలే పెద్ద సంఖ్యలో పట్టుబడ్డారు. పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రులకు అది కోలుకోలేని దెబ్బ. దళారి మాట నమ్మి సంతకం చేసేముందు ప్రతి కాగితాన్నీ చదివించుకోవాలి.

వెళ్లేవారు ఎన్నాళ్లకు వస్తారో, ఇంట్లో వారికి ఆసరా ఎవరో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. వీసా మీద తేదీ ముద్ర వేసి ఉంటుంది. ఇంటివారికి ఇచ్చిన మాటకు గడువు మాత్రం మనమే గుర్తుంచుకోవాలి.