మైనస్ 25 డిగ్రీల చలి.. 16 సెకన్లు.. లాంబార్డి తెగింపు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో సూపర్ బౌల్ విజేతకు ఇచ్చే వెండి ట్రోఫీకి ఓ కోచ్ పేరుంది. ఆయనే విన్స్ లాంబార్డి. గ్రీన్ బే పాతతరం అభిమానులు కలిస్తే ఇప్పటికీ మాట ఆయన దగ్గరికే వస్తుంది.

1913లో బ్రూక్లిన్‌లో పుట్టారు. 1959లో ప్యాకర్స్ పగ్గాలు పట్టేనాటికి జట్టు పరిస్థితి ఘోరం. ముందు సీజన్‌లో 12 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటే! ఆయనొచ్చాక 1961 నుంచి ఏడేళ్లలో ఐదు టైటిళ్లు.

కానీ ఫ్యాన్స్ మర్చిపోలేనిది 1967 డిసెంబర్ 31. డాలస్ కౌబాయ్స్‌తో టైటిల్ పోరు. మైనస్ 25 డిగ్రీల చలిలోనూ 50 వేల మందికి పైగా వచ్చారు. మైదానం గడ్డకట్టకూడదని లాంబార్డి వేయించిన హీటింగ్ సిస్టమ్ సరిగ్గా ఆ రోజే మొరాయించింది. మ్యాచ్ అధికారి ఒకరి పెదాలకు విజిల్ అతుక్కుపోయింది. ఇక అరుపులతోనే ఆట నడిపారు.

మిగిలింది 16 సెకన్లు. ప్యాకర్స్ మూడు పాయింట్లు వెనుక. టైమవుట్లు అయిపోయాయి. ఫీల్డ్ గోల్ కొడితే స్కోరు సమమయ్యేది. లాంబార్డి అది వద్దనుకున్నారు. ఆపేస్తే మాత్రం మ్యాచ్ పోయినట్టే. క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ బంతి పట్టుకుని తానే లైన్ మీదికి దూకేశాడు. 21-17!

మూడేళ్లు తిరక్కుండానే, 1970 సెప్టెంబర్ 3న లాంబార్డి క్యాన్సర్‌తో కన్నుమూశారు. 57 ఏళ్లే. ట్రోఫీకి ఆయన పేరు పెట్టింది ఆ తర్వాతే.