డోర్నకల్ బిషప్ అజరయ్య గారు: నేర్చుకున్న తెలుగులో సువార్త

వీడియోలో టైం సరిపోక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మా జమ్మికుంటలో రైలెక్కి కాజీపేటలో మారితే డోర్నకల్ పోవచ్చు. అక్కడి ఎపిఫనీ కేథడ్రల్ ముందు నిలబడితే ఇది చర్చా, గుడా, మసీదా అని ఒక్క క్షణం ఆగిపోతాం. గుమ్మటాలు, మినార్లు, రాతిలో చెక్కిన తామరపూలు! కావాలనే అట్లా కట్టించారు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. దేవుని ఇల్లు మనవాళ్లకు పరాయి దేశపు బంగ్లాలా అనిపించొద్దని ఆయన తపన. 1939లో ప్రతిష్ఠ జరిగింది.

ఆయన మన తెలుగాయన కాదు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో, ముప్పై అయిదేళ్ల వయసులో, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో, తెల్ల మిషనరీల ముఖం మీదే, మీ త్యాగం సరే గానీ మాతో స్నేహం చేయరేం అన్నట్టు అడిగేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. బిషప్ అయినా ఎడ్లబండి మీద వాళ్ల పల్లెలకు పోయేవారు. ప్రభువు బల్ల దగ్గర కులం చూడొద్దన్నది ఆయన పట్టు. బాప్తిస్మం తీసుకునేవాళ్లతో తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని ఒప్పించేవారు. అంటే ప్రసంగం పాస్టరుగారి ఒక్కరి పని కాదన్నమాట.

నాకు అక్కడే గుచ్చుకుంది. నేను షూటింగ్‌కు పోయినరోజు ఫోటోల కోసం ఒక హిందూ కుటుంబం వచ్చింది. చర్చిలో తామరపూలేంటి సార్ అని ఆ ఇంటి అమ్మాయి అడిగింది. నేను రక్షణ, విమోచన, నీతిమత్వం అంటూ మొదలుపెట్టాను. రెండు నిమిషాలకే ఆ పిల్ల చూపు పక్కకు పోయింది. తెలుగు నా తల్లిభాషే మరి! తర్వాత ఆపేసి, ఈ గుడి కట్టినాయన మీ ఊరి పూలు చూసి ముచ్చటపడ్డాడమ్మా అన్నాను. అప్పుడు వాళ్లమ్మ కూడా దగ్గరికొచ్చి వినింది.

అజరయ్య గారు 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి వెళ్లారు. డోర్నకల్‌లోనే సమాధి చేశారు. ఆ కుటుంబం అడిగితే సమాధి కూడా చూపించి, ఆయన ఎవరో చెప్పాను. ఈసారి పుస్తకం మాటలు వాడలేదండి.