తాళ్ళపాకవారి ఇంటి చరిత్రను వెలికితీసిన వేటూరి ప్రభాకరశాస్త్రి

తిరుమల శ్రీవారి ఆలయంలో ఒక చిన్న రాతి అర ఉంది. తాళ్ళపాకవారు సంకీర్తనలు చెక్కించిన రాగిరేకులు వందల ఏళ్ళు అందులోనే మరుగునపడి ఉన్నాయి. 1920లలో దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి చొరవతో అవి వెలుగు చూశాయి. పాటలు దొరికాయి సరే, ఆ పాటలు కట్టిన ఇల్లు ఎటువంటిది? తాత ఎవరు, మనుమడు ఎవరు? ఈ చిక్కుముడి విప్పినవారిలో ముఖ్యులు వేటూరి ప్రభాకరశాస్త్రి.

శాస్త్రిగారు మన ప్రాంతంవారు కారు. 1888లో కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో జన్మించారు. తండ్రి సుందరశాస్త్రి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వద్ద చదువుకున్నారు. అక్కడినుంచి మద్రాసు వెళ్ళి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చేరి ఏళ్ళ తరబడి పనిచేశారు. మెకంజీ దొర ఊరూరా వ్రాయించిన కైఫీయతులు ఆ భాండాగారంలోనే ఉన్నాయి. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, కరణీకం ఏ ఇంటివారిది అన్న సంగతులు వాటిలో కనిపిస్తాయి.

తాటాకు చదవడమంటే పుస్తకం చదివినట్లు కాదు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. కొన్నిచోట్ల పురుగు తిని ఉంటుంది, కొన్నిచోట్ల నకలు వ్రాసినవాడే తప్పు వ్రాసి ఉంటాడు. దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకుని ఏది సరైన పాఠమో తేల్చాలి. కన్నులు పోగొట్టుకునే పని, డబ్బు వచ్చే పని కాదు. శాస్త్రిగారు అలాగే బసవపురాణం, క్రీడాభిరామం వంటి గ్రంథాలను పరిష్కరించారు. జనం నోళ్ళలో నానే చాటుపద్యాలను ఏరి చాటుపద్య మణిమంజరిగా కూర్చారు. పుస్తకం పోయి ఒకటి రెండు పద్యాలే మిగిలిన కవులను కూడా ఆయన విడిచిపెట్టలేదు. అలాంటి పద్యాలను చేర్చి ప్రబంధ రత్నావళి వెలువరించారు.

తరువాత తిరుపతికి వచ్చి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో కుదురుకున్నారు. అన్నమాచార్యుని మనుమడు చిన్నన్న తన తాత జీవితాన్ని ద్విపదలో వ్రాశాడు. ఇంటివాడే వ్రాసిన చరిత్ర గనుక అందులో ఇంటి గుట్లన్నీ ఉన్నాయి. అన్నమయ్య తాత నారాయణయ్యకు చదువు అబ్బక, ఊటుకూరులో చింతలమ్మ గుడి దగ్గరి పుట్టలో చెయ్యిపెట్టి చావబోయిన కథ అందులోదే. గడ్డి కోస్తూ వేలు తెగిన కుర్రవాడు యాత్రికుల వెంట కొండకు బయలుదేరిన కథ కూడా అక్కడిదే.

కాని మనుమడు చెప్పిందల్లా చరిత్ర అయిపోదు. భక్తి ఉన్నచోట మహిమలు పెరుగుతాయి. అందుకే ద్విపదకు తోడు రాగిరేకులను, కొండమీది శిలాశాసనాలను కూడా సాక్ష్యం అడగాలి. అన్నమయ్యకు పదహారేళ్ళప్పుడు స్వామి ప్రత్యక్షమైన ఏడు శక 1346 క్రోధి అని రేకు చెబుతుంది. అంటే 1424. వెనక్కి లెక్కిస్తే పుట్టిన ఏడు 1408 అవుతుంది. దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు, అంటే 1503లో, ఆయన కన్నుమూశారు. కొడుకు పెదతిరుమలాచార్యుడు స్వామికి సమర్పించిన కైంకర్యాలు శాసనాలలో ఉన్నాయి. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం వ్రాసింది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని పండితులు చెబుతారు. ఇలా ఒక్క ఇంట్లో మూడు తరాల కవులు లెక్కకు వచ్చారు.

అన్నమాచార్య చరిత్రను శాస్త్రిగారు పరిష్కరించి, విపులమైన పీఠిక వ్రాశారు. 1949లో దేవస్థానం దాన్ని అచ్చువేసింది. 1997లో వచ్చిన అన్నమయ్య సినిమా చూసినవారు జిల్లాలో ఎందరో. సినిమాకు కావలసిన కల్పనలు వేరు, అసలు కథకు మూలం మాత్రం ఈ ద్విపదే. ఆ సినిమాకు కొన్ని పాటలు వ్రాసిన వేటూరి సుందరరామమూర్తి కూడా ఈ వంశంవారే.

పుస్తకం వెలువడిన మరుసటి ఏడే, 1950 ఆగస్టు 29న శాస్త్రిగారు తిరుపతిలో కన్నుమూశారు. అప్పటికి రేకులలోని పాటలు ఇంకా వేలల్లో అచ్చు కావలసి ఉన్నాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, గౌరిపెద్ది రామసుబ్బశర్మ వంటివారు ఆ పనికి పూనుకుని సంపుటాలు వెలువరించారు. శాస్త్రిగారి కుమారుడు ఆనందమూర్తి సైతం తాళ్ళపాక కవుల మీదే పరిశోధన చేశారు.