కన్నీళ్లు అవిశ్వాసమా?



మీ ఇంట ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు, పరామర్శకు వచ్చినవారు విశ్వాసులు ఏడవకూడదని మీతో చెప్పే ఉంటారు. మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. ఆ మాట విని మీరు దుఃఖాన్ని కొంగుచాటున దిగమింగుకొని ఉంటే, పునీత అగుస్తీనువారి జీవితాన్ని ఒకసారి తలచుకోండి.

ఆయన క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె పట్టణంలో జన్మించారు. అది నేటి అల్జీరియా దేశంలో ఉంది. తండ్రి పత్రీసియుస్, తల్లి మోనికమ్మ. యౌవనంలో, ఇంకా జ్ఞానస్నానం పొందక మునుపు, ఆయన ప్రాణస్నేహితుడు జ్వరంతో మరణించాడు. ఇద్దరూ కలిసి తిరిగిన చోట్లన్నీ ఆయనకు భరించరానివయ్యాయి. రేయింబవళ్లు ఏడ్చారు. ఆ భారాన్ని ఎవరి పాదాల చెంత దించుకోవాలో తెలియక, చివరకు ఊరే విడిచి కార్తేజు నగరానికి వెళ్లిపోయారు.

387వ సంవత్సరం ఈస్టరు పండుగకు మిలాను నగరంలో పునీత అంబ్రోజువారి చేతుల మీదుగా ఆయన, ఆయన కుమారుడు అదెయోదాతుస్ జ్ఞానస్నానం పొందారు. ఏళ్ల తరబడి కన్నీటితో ప్రార్థించిన తల్లి కోరిక నెరవేరింది. ఆ ఏడాదే స్వదేశానికి తిరిగి వెళ్తూ, రోము దగ్గరి ఓస్తియా రేవులో ఆగినప్పుడు మోనికమ్మ జ్వరాన పడ్డారు. తొమ్మిదవ రోజున, 56వ యేట, కన్నుమూశారు. భర్త సమాధి పక్కనే తనను ఉంచాలని ఎంతోకాలం ఆశపడిన ఆ తల్లి, ఇక తన శరీరం ఎక్కడున్నా చింతలేదనీ, బలిపీఠం వద్ద మాత్రం తనను తలచుకోమనీ కోరారు.

అగుస్తీనువారు తల్లి కన్నులు మూశారు. పొంగివస్తున్న దుఃఖాన్ని బలవంతాన ఆపుకున్నారు. బావురుమన్న కుమారుణ్ణి అక్కడివారు ఊరుకోబెట్టారు. అందరూ కలిసి కీర్తన పాడారు. సమాధి చేసేటప్పుడు కూడా ఆయన కంట తడి లేదు. గుండె బరువు తగ్గుతుందేమోనని స్నానం చేసి చూశారు, తగ్గలేదు. నిద్రపోయి లేచాక, పడకమీద ఒంటరిగా, దేవుని సన్నిధిలో తల్లి కోసం ఏడ్చారు. అప్పుడు మనసు కుదుటపడింది.

ఆఫ్రికా చేరిన కొద్దికాలానికే కుమారుడు కూడా చిన్న ప్రాయంలోనే మరణించాడు. ఆయన 391లో గురువై, ఆపై హిప్పో పట్టణ మేత్రాణులై, 430 ఆగస్టు 28న మరణించేవరకు ప్రజలకు సేవచేశారు. మేత్రాణులై ఉండి కూడా తన కన్నీటిని దాచుకోలేదు. దానిని గ్రంథంలో వ్రాసి, తన తల్లిదండ్రులను బలిపీఠం వద్ద తలచుకోమని చదువరులను వేడుకున్నారు.

స్నేహితుని కోసమూ ఏడ్చారు, తల్లి కోసమూ ఏడ్చారు. మొదటి ఏడ్పు ఆయనను ఊరినుండి తరిమింది. రెండవది దేవుని ఒడికి చేర్చింది. లాజరు సమాధి ముందు మన ప్రభువు సైతం కన్నీరు కార్చారు గదా! కాబట్టి మీరూ ఏడవండి, ఆయన ఎదుట ఏడవండి. ఇంట్లో ఏడ్చే పసివాణ్ణి గద్దించకండి. పోయినవారి పేరిట దివ్యబలిపూజ చేయించండి, సాయంకాల ప్రార్థనలో వారి పేరు పలకండి. మోనికమ్మ కోరినది అంతే.